ఎండలో ఆగి, నీడలో నడిచే బండి

పెనుకొండ దరిదాపుల్లో, ఏప్రిల్ నెల మధ్యాహ్నం రెండున్నరకు, నా కారు ఐదో గేర్లో పోతూ పోతూ స్విచ్ ఆపేసినట్టు ఆగిపోయింది. దగ్గూ లేదు, తుమ్మూ లేదు. ఏసీ ఫ్యాను తిరుగుతూనే ఉంది, పాట మోగుతూనే ఉంది, ఇంజన్ మాత్రం లేదు. ఉన్న ఊపుతో రోడ్డు పక్కకు తెచ్చి నిలబెట్టాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ షెడ్లు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. 2019లో సెల్టోస్‌తో మొదలైన ఆ ఫ్యాక్టరీని ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తాతో కట్టారు. నా బండి ఆ కంపెనీది కాదు. బెంగళూరులో ఇద్దరి చేతులు మారి హిందూపురం వచ్చిన 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. అయినా కొత్త కార్లు పుట్టే చోట పాత కారు చచ్చిపడితే మనసుకు అదోలా ఉంటుంది.

ఇరవై నిమిషాలు చెట్టు నీడన నిలబడి, ఊరికే ఇంకోసారి సెల్ఫ్ కొట్టాను. ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. నేరుగా హిందూపురంలో మెకానిక్ షెడ్డుకు పట్టుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి చూశాడు, మార్కెట్ యార్డు దాకా ఒక ట్రయల్ కొట్టుకొచ్చాడు. "బండి బాగానే ఉండాది సార్. మళ్లీ అట్లా అయితే తీసుకురాండి" అన్నాడు. అట్లా అయినప్పుడు తీసుకురావడం ఎట్లాగో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

వచ్చి పోయే రోగం ఇంజన్లకే కాదు, మనుషులకూ ఉంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరాన్ని మన పెద్దలు ఏ పరీక్షా లేకుండానే గుర్తుపట్టేవాళ్లు. జ్వరం ఎంత ఉందన్నది కాదు, ఏ వేళకు వస్తోందన్నదే వాళ్లకు ఆనవాలు. గుండె దడ సంగతీ అంతే. ఆస్పత్రిలో ఈసీజీ తీసిన నిమిషంలో దడ రాదు. 1940ల చివరలో అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. రోగిని యంత్రం దగ్గరికి రప్పించకుండా యంత్రాన్నే రోగి వీపుకు కట్టి పంపాడు. ఆ మొదటి మూట దాదాపు 38 కిలోలు తూగింది. ఇవాళ హోల్టర్ పరీక్ష అంటే మెడలో వేసుకునే చిన్న పెట్టె. బండికి కూడా అలాంటిదేదో కావాలి. యాభై రూపాయల నోటు పుస్తకం చాలని నాకు తర్వాత తెలిసింది. దాని కంటే ముందు, ఇంజన్ ఎందుకు ఆగుతుందో తెలియాలి.

పెట్రోల్ ఇంజన్‌కు కావలసినవి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. మూడూ ఉంటే సరిపోదు, సరైన క్షణంలో కలవాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 రవ్వలు పడాలి. ఏది ఎప్పుడు పడాలో చెప్పేది ఈసీఎం అనే చిన్న కంప్యూటర్. దానికి కళ్లు లేవు, పిస్టన్ ఎక్కడుందో చూడలేదు. అందుకే క్రాంక్ షాఫ్ట్ పక్కన ఒక సెన్సార్ పెడతారు. షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్లచక్రం దాని ముందు నుంచి పోతుంటే ఒక్కో పన్నుకు ఒక్కో కరెంటు తుళ్లింత పుడుతుంది. చాలా బండ్లలో 60 పళ్లు ఉండాల్సిన చోట 58 పెట్టి, రెండు పళ్ల జాగా ఖాళీగా వదిలేస్తారు. ఆ బోసి జాగా వచ్చినప్పుడల్లా 'ఒక చుట్టు అయింది' అని ఈసీఎంకు తెలుస్తుంది. 3,000 ఆర్పీఎం దగ్గర సెకనుకు 2,900 తుళ్లింతలు ఒక సన్నటి వైరు గుండా పోతుంటాయి. ఆ వైరులో కబురు ఒక్క క్షణం తెగినా ఈసీఎం ఇంజన్ తిరగడం లేదనుకుంటుంది. తిరగని ఇంజన్‌కు పెట్రోలు పోయడం ప్రమాదం కాబట్టి పెట్రోలు, రవ్వ రెండూ ఆపేస్తుంది. దాని వైపు నుంచి చూస్తే అది చేసింది సరైన పనే.

డీజిల్ బండిలో రవ్వ ఉండదు. దాని జబ్బులు ఎక్కువగా డీజిల్ దారిలో, పైపులో దూరే గాలిలో, డీజిల్ ఒత్తిడిలో ఉంటాయి. అక్కడా క్రాంక్ సెన్సార్ మాత్రం ఇదే.

బండి ఎలా ఆగిందన్నది ఎందుకు ఆగిందన్న దాంట్లో సగం చెబుతుంది. మెకానిక్ దగ్గరికి పోయి 'ఆగిపోతోంది' అంటే ఆయనకు ఏమీ చెప్పనట్టే. స్విచ్ ఆపినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి: రవ్వ, సెన్సార్, రిలే, వైరు. జర్కులు కొడుతూ, పికప్ తగ్గుతూ, నాలుగైదు సెకన్లు ఈడ్చుకుని ఆగితే పెట్రోలు వైపు చూడాలి. ట్యాంకులోని పంపు బలహీనపడి ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఆగకుండా ఒక లయలో 'మిస్సింగ్' కొడుతుంటే ఏదో ఒక సిలిండర్ కాయిల్‌నో ప్లగ్‌నో అనుమానించాలి. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు మాత్రమే ఆగి, రోడ్డు మీద గుర్రంలా పరుగెత్తితే థ్రాటిల్ బాడీలో మసి పట్టిందేమో, గాలి ఎక్కడైనా దొంగదారిన దూరుతోందేమో చూడాలి. ఇంజన్‌తో పాటు డ్యాష్‌బోర్డు దీపాలు, పాట, ఫ్యాను అన్నీ ఒకేసారి పోతే బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు, తాళం స్విచ్.

ఇంకో ఆనవాలు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. బండి గేర్లో ఉండి ఇంకా దొర్లుతున్నప్పుడు ఇంజన్ ఆగితే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. అప్పుడు ఆర్పీఎం ముల్లు మెల్లగా దిగాలి. అలా కాక ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే ఇంజన్ తిరుగుతున్నా ఆ కబురు కంప్యూటర్‌కు చేరడం లేదన్నమాట. చాలా బండ్లలో ఆ ముల్లును ఆడించేది క్రాంక్ సెన్సార్ కబురే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ముల్లు కొంచెం కూడా లేవకపోయినా అదే అర్థం. మొదటిసారి నేను చూడలేదు, ఎదుటి లారీని చూస్తున్నాను. రెండోసారి చూశాను. ముల్లు రాయిలా పడింది.

(ఈ ముల్లు చూడమనడం ప్రాణాల మీదికి తెచ్చే సలహా కాకూడదు. హైవే మీద ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండు నొక్కులకే మెత్తగా పనిచేసి తర్వాత గట్టిపడుతుంది. తాళం చెవి బయటకు లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, కాబట్టి లాగకూడదు. నాలుగు ఇండికేటర్లు వేసి, బ్రేకు ఊరికే పంపు కొట్టకుండా, ఒకే నొక్కు మీద పక్కకు తీసుకోవాలి. ముల్లు సంగతి తర్వాత.)

రెండోసారి ఆగిన రోజే పుస్తకం కొన్నాను. తేదీ, వేళ, ఎక్కడ, ఎంతసేపు నడిచాక, ఏ గేరు, ఏసీ ఉందా, ట్యాంకులో ఎంత, ఎలా ఆగింది, ఎంతసేపటికి మళ్లీ అందుకుంది. ధర్మవరంలో మా అక్కావాళ్ల మగ్గాలున్నాయి. వాటి పని మీద వారానికి రెండుసార్లు హిందూపురం నుంచి పోయి వచ్చేవాణ్ని, పోను సుమారు 80 కిలోమీటర్లు. నాలుగు వారాల్లో బండి ఐదుసార్లు ఆగింది. పుస్తకం ముందేసుకుని చూస్తే అయిదింటికీ పోలికలున్నాయి. అన్నీ తిరుగు ప్రయాణంలోనే. అన్నీ పన్నెండుకూ నాలుగుకూ మధ్యే. అన్నీ కనీసం అరగంట నడిచాకే, చెన్నేకొత్తపల్లి దాటాకే. పొద్దున్నే పోయేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు. రెండుసార్లు రాత్రి తిరిగొచ్చాను, అప్పుడూ ఆగలేదు.

మొదట నాకు తోచింది పెట్రోలు. పోయేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడు ఆగుతోందంటే ధర్మవరంలో పోయించుకున్న పెట్రోల్లోనే ఏదో ఉందని తీర్మానించుకున్నాను. ఈ మధ్య ఎవరి బండి ఆగినా మొదటి తిట్టు ఇథనాల్‌కే కదా. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత బండ్ల రబ్బరు పైపులకు ఇబ్బంది, అదంతా నిజమే. కానీ అదే పెట్రోలుతో రాత్రి నిక్షేపంగా వచ్చాను. పెట్రోల్లో దోషముంటే దానికి పొద్దు తెలియదు. పుస్తకంలో ఆ రెండు రాత్రుల గీతలు లేకపోతే నేను బంకు మార్చి, నాలుగు రోజులు సంతోషపడి, మళ్లీ మొదటికొచ్చేవాణ్ని. ఆగిన రోజులు మాత్రమే రాసుకునేవాళ్లకు ఈ లాభం దక్కదు. ఆగని రోజులూ రాయాలి.

రెండు ప్రయాణాలకూ తేడా ఏమిటి? ఒకటి ఎండ. రెండోది ఎత్తు. ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంటే హిందూపురం 620 మీటర్ల దాకా ఉంటుంది. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. కంటికి కనపడేంత ఘాట్ కాదు గాని ఇంజన్‌కు తెలుస్తుంది. అంటే నా బండి వేడీ, బరువూ కలిసినప్పుడు ఆగుతోంది. తళ్లికోట ఓటమి తర్వాత విజయనగర రాజులు వచ్చి ఆగింది పెనుకొండలోనేనని చదువుకున్నాం. నా బండికి ఆగడానికి అంత పెద్ద కారణం అక్కర్లేదని అప్పటికి తెలిసింది.

వేడికీ కరెంటు పనులకూ ఉన్న తగాదా కాస్త ఓపికగా చూడదగ్గది. రాగి, ప్లాస్టిక్, టంకం వేడికి ఒకే కొలతన సాగవు. సెన్సార్ లోపల వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కంటికి కనపడని పగులు ఉందనుకోండి, చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతూ పని జరిపిస్తాయి. వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సాగేసరికి కొసలు విడిపోతాయి. చల్లారగానే మళ్లీ కలుస్తాయి. కాయిల్, రిలే, పంపు మోటారు, సర్క్యూట్ బోర్డు మీది అతుకు, అన్నిటికీ ఇదే కథ. ఇంకో చిత్రం కూడా ఉంది. నడిచే బండిలో గాలి ఆడుతుంది, నీళ్లు తిరుగుతాయి. టీ తాగడానికి పది నిమిషాలు ఆపితే ఆ రెండూ ఆగిపోయి, ఇంజన్ లోపలి వేడి పైకి వచ్చి బానెట్ కింద కాసేపు ఇంకా పెరుగుతుంది. అందుకే కొన్ని బండ్లు పరుగులో ఆగవు, టీ కొట్టు దగ్గర మొండికేస్తాయి.

అంబాసిడర్, పద్మినీ కాలం డ్రైవర్లు ఎండాకాలం ఘాట్ మీద బండి ఆగితే పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లు. కార్బురేటర్ బండ్లలో పంపు ఇంజన్ పక్కనే ఉండేది, పైపులో పెట్రోలు ఆవిరై బుడగ కట్టేది. ఇప్పటి బండ్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఒత్తిడితో పెట్రోలు తోస్తుంది కాబట్టి ఆ బుడగ బెడద చాలావరకు పోయింది. కానీ తడిగుడ్డ తెలివి పోలేదు. అనుమానం ఉన్న ఒక్క వస్తువునే చల్లబరిచి, బండి అందుకుంటుందేమో చూడటం నేటికీ మంచి పరీక్షే. బండి బాగున్నప్పుడు షెడ్డులో దాన్ని ఒక్కదాన్నే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఆపగలమేమో చూడటం దానికి రెండో వైపు. రోగం దానంతట అది వచ్చేదాకా కాచుకోవడం కంటే మనమే పిలవడం మేలు.

ఇక స్కానర్. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-4 కార్లలో ఓబీడీ-2 అనే పద్ధతి ఉంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ముక్క అందులో గుచ్చి ఫోన్లో చూసుకోవచ్చు. నా బండిలో పి-0335 అని కోడ్ వచ్చింది. క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ సర్క్యూట్. మెకానిక్ ముఖం వెలిగింది, నాదీ వెలిగింది. సెన్సార్ మార్చేశాం. పది రోజులు, 350 కిలోమీటర్లు, బండి ఎక్కడా ఆగలేదు. టీ నేనే తాగించాను.

పదకొండో రోజు పెనుకొండ దాటాక ఆగింది.

మేమిద్దరం చదివింది 'సెన్సార్' అనే మాట, కోడ్ చెప్పింది 'సర్క్యూట్' అనే మాట. సర్క్యూట్ అంటే సెన్సార్, దాని కప్లర్, ఈసీఎం దాకా పోయే వైర్లు, ఈసీఎంలో ఆ కబురు అందుకునే భాగం, అన్నీ కలిపి. కంప్యూటర్‌కు తెలిసింది కబురు రాలేదన్న ఒక్క విషయమే. కబురు పంపేవాడు నిద్రపోయాడా, దారిలో వంతెన కూలిందా అన్నది దానికి తెలియదు. ఊళ్లోకి ఉత్తరం రాకపోతే రాసినవాణ్ని మార్చేసినట్టుంది మేం చేసిన పని. కోడ్‌ను తీర్పుగా చదవకూడదు, ఫిర్యాదుగా చదవాలి.

అలాంటప్పుడు పది రోజులు ఎందుకు బాగుంది? ఇక్కడే వచ్చిపోయే రోగం తెలివైన మెకానిక్‌ను కూడా బోల్తా కొట్టిస్తుంది. దానికి ముందు నాది కాని బండ్ల పెద్ద కథ ఒకటి చెప్పాలి.

2014లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ కంపెనీ షెవర్లే కోబాల్ట్ మొదలైన కార్లు దాదాపు 26 లక్షలు వెనక్కి పిలిచింది. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోవడం, దాంతో పాటే ఎయిర్ బ్యాగులకు కరెంటు పోవడం ఫిర్యాదు. తాళం స్విచ్ లోపల చెవిని 'రన్' దగ్గర పట్టి ఉంచే స్ప్రింగు బుడిపె బలహీనంగా ఉంది. బరువైన తాళాల గుత్తి వేలాడుతూ, రోడ్డు మీద ఒక కుదుపు తగిలితే, లేదా మోకాలు తాకితే చెవి వెనక్కి తిరిగేది. కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి చివరకు 124 మరణాలను ఈ లోపానికి ముడిపెట్టింది. ఇది ఏళ్ల తరబడి దొరక్కపోవడానికి ఒక కారణం, 2006లో ఆ స్విచ్‌ను మార్చారు గాని పార్ట్ నంబరు మార్చలేదు. పాత బండ్లు ఆగుతున్నాయి, కొత్తవి ఆగడం లేదు, కాగితం మీద రెండింటిలోనూ ఒకే స్విచ్. బాధితుల తరఫు న్యాయవాది పెట్టుకున్న ఇంజనీరు పాత స్విచ్‌నూ కొత్త స్విచ్‌నూ విప్పి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గాని బుడిపె పొడవులో తేడా బయటపడలేదు. మన ఊళ్లలో కారు చెవికి ఇంటి తాళం, బీరువా తాళం, షాపు షట్టర్ తాళం, దేవుడి బొమ్మ కలిపి తగిలించే అలవాటు ఉంది. మీ బండి గతుకుల్లో ఆగుతుంటే ముందు ఆ గుత్తి విడదీసి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

ఆ కథలో నాకు పనికొచ్చింది ఒక్కటే. అప్పుడప్పుడూ వచ్చే లోపం చాలాసార్లు యాదృచ్ఛికం కాదు. దానికి షరతులుంటాయి, ఆ షరతుల్లో ఒకటి మన లెక్కలోకి రాలేదు, అంతే. ఎండ ఉంది, ఎక్కుడు ఉంది. ఇంకా ఏదో ఉంది.

ధర్మవరంలో బావ దగ్గర ఈ సోది వెళ్లగక్కుతుంటే, ఆయన జకార్డు మగ్గం దగ్గర నిలబడి చీర అంచులో ఒక తప్పు చూస్తున్నాడు. "తప్పు ఒకే ఎడంలో మళ్లీ మళ్లీ వచ్చాదంటే అట్టలో ఉండాదప్పా. ఇష్టమొచ్చినట్టు వచ్చాదంటే పడుగులో ఉండాది. యాడో పోగు వదులైంటాది, లాగినప్పుడు తెలుస్తాది" అన్నాడు. జకార్డు అట్టలు గొలుసుగా తిరుగుతాయి కాబట్టి ఒక అట్టలో బెజ్జం తప్పితే డిజైను తిరిగొచ్చినప్పుడల్లా తప్పూ తిరిగొస్తుంది. పోగు వదులైతే అలా కాదు, బిగువు పడినప్పుడే బయటపడుతుంది. నా తలలో మాట మెదిలింది: బిగువు. ఇంజన్‌ను చట్రానికి రబ్బరు మౌంటింగుల మీద నిలబెడతారు. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే అది ఒక పక్కకు ఒరుగుతుంది, దాంతో పాటు దాని మీది వైర్లు లాగబడతాయి.

బావ తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాడు. మన దగ్గర ఇంజన్ పని చేసేవాళ్లు వేరు, వైరింగ్ పని చేసేవాళ్లు వేరు. ఇలాంటి జబ్బులు సరిగ్గా ఆ రెండు షెడ్ల మధ్య గోడ మీద కూర్చుంటాయి. ఇంజన్ ఆగుతోందంటే ఆయన దగ్గరికి పోతాం, వైరు తెగిందని తెలిస్తే గాని ఈయన దగ్గరికి పోం, తెగిందని చెప్పాల్సింది ఈయనే. ఎలక్ట్రీషియన్ నా పుస్తకం అడిగి చదివాడు. ఇంజన్‌ను వేడెక్కేదాకా నిలబెట్టి నడిపించి, ఏ వస్తువూ విప్పకుండా, సెన్సార్ కప్లర్ నుంచి మొదలుపెట్టి వైరు కట్టను జానెడు జానెడు చొప్పున మెల్లగా కదిలిస్తూ పోయాడు. కప్లర్ దగ్గర ఏమీ కాలేదు. బ్యాటరీ తట్ట కిందికి, గేర్ బాక్స్ వైపు వచ్చేసరికి ఇంజన్ టక్కున ఆగింది. ఆ ఆగడం విన్నప్పుడు కలిగిన ఆనందం బండి కొన్నప్పుడు కూడా కలగలేదు.

నల్ల టేపు విప్పితే మెలిపెట్టిన అతుకు. రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది, నాలుగైదు పోగులే తాకుతున్నాయి. ఎవరో క్లచ్ పని చేస్తూ సెన్సార్ వైరు తెంపి, రెండు కొసలూ మెలితిప్పి టేపు చుట్టారు. పైగా అతుకేసరికి వైరు పొట్టిదై బిగుతుగా నిలిచింది. బండి అమ్మినాయన నాకు గొప్పగా చెప్పిన మాట గుర్తొచ్చింది: క్లచ్ కొత్తది, మొన్ననే వేయించాను.

ఇప్పుడు అన్నీ అతికాయి. వేడికి టేపు జిగురు మెత్తబడుతుంది, ఎక్కుడులో ఇంజన్ ఒరుగుతుంది, బిగుతు వైరు లాగబడుతుంది, పోగులు విడిపోతాయి. ఇరవై నిమిషాలు నిలబడితే చల్లారి మళ్లీ తాకుతాయి. మేం సెన్సార్ మార్చినప్పుడు కప్లర్ లాగి పెట్టాం కదా, ఆ కుదుపుకు అతుకులోని పోగులు రాసుకుని కొన్నాళ్లకు సరిపడా కొత్త మెరుపు తెచ్చుకున్నాయి. బాగుచేసింది కొత్త సెన్సార్ కాదు, మా చెయ్యి తగలడం. మెకానిక్‌ది మోసం కాదు. కాని ఇలాంటి బండి నాలుగు షెడ్లు తిరిగితే పంపు, కాయిల్, సెన్సార్, ఈసీఎం ఒక్కొక్కటే మారి, ప్రతి దాని తర్వాతా పది రోజులు బాగుండి, చివరకు బండి ఖరీదులో సగం బిల్లవుతుంది. నేను చూసిన బిల్లులు అలాగే ఉంటాయి.

వైరు అనగానే మీటరు పెట్టి చూశాం, బాగుంది అంటారు. మీటరు పంపేది చీమంత కరెంటు. పోగు ఒక్కటి తాకుతున్నా అది దాటిపోతుంది. పంపు లాంటి వస్తువు 5 ఆంపియర్లు లాగుతుంది. దారిలో అర ఓమ్ అడ్డు ఉంటే, 5ని అరతో గుణిస్తే, రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టుల పంపుకు తొమ్మిదిన్నర అందుతాయి. సెల్ఫ్ మోటారైతే 150 ఆంపియర్లు లాగుతుందనుకోండి, ఓమ్‌లో నూరో వంతు అడ్డుకే ఒకటిన్నర వోల్టు గోవిందా. అందుకే ఎర్త్ వైరును ఊరికే మీటరుతో కాక, పని జరుగుతున్నప్పుడు రెండు కొసల మధ్య ఎంత వోల్టేజీ పోతోందో కొలవాలి. పాత బండ్లలో ఇంజన్ నుంచి చట్రానికి పోయే ఆ జడ వైరు బోల్టు కింద తుప్పు గీకి బిగిస్తే తీరిపోయే జబ్బులు ఎన్నో.

వస్తువుదే తప్పయిన సందర్భాలూ ఉన్నాయి. 2020 జూలైలో మారుతి సుజుకి పెట్రోల్ పంపు లోపం ఉండొచ్చని 1,34,885 వ్యాగన్ ఆర్, బలేనో కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా చూసింది. అలాంటి పిలుపు వచ్చినప్పుడు బండి మొదటి యజమాని దగ్గర ఉందో మూడో యజమాని దగ్గర ఉందో కంపెనీకి తెలియకపోవచ్చు. కొనేవాళ్లు ఛాసిస్ నంబరుతో కంపెనీ సైటులోనో డీలరు దగ్గరో అడగాలి, పైసా ఖర్చు లేదు.

కొనేటప్పుడు నేను చేయని పనులు ఇంకో రెండు. ఒకటి, బండిని వేడి మీద చూడలేదు. పొద్దున్నే చల్లని బండి చూపించారు, స్టార్టింగు చూసి మురిసిపోయాను. చల్లని ఇంజన్ ఒక కథ చెబుతుంది, గంట ఎండలో నడిచి పది నిమిషాలు నిలబడిన ఇంజన్ ఇంకోటి చెబుతుంది, రెండూ వినాలి. రెండోది, స్కానర్ పెట్టలేదు. కోడ్ లేకపోతే బండి శుద్ధమని అనుకోకూడదు, అమ్మే ముందు చెరిపేయడం నిమిషం పని. కాని చెరిపినప్పుడు ఈసీఎం తనను తాను పరీక్షించుకున్న గుర్తులు కూడా పోతాయి. స్కానర్‌లో 'రెడీనెస్' అనే చోట చాలా పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యే ఎవరో కోడ్లు చెరిపారు లేదా బ్యాటరీ విప్పారు. కారణం అమ్మేవాళ్లనే అడగాలి. పైగా చాలా లోపాలకు ఇంజన్ లైటు మొదటిసారే వెలగదు. వరుసగా రెండు ప్రయాణాల్లో కనపడితేనే వెలుగుతుంది, మూడు ప్రయాణాలు మళ్లీ కనపడకపోతే ఆరిపోతుంది. లైటు లేదు కాబట్టి జబ్బు లేదనే మాట వచ్చిపోయే జబ్బుకు అసలు వర్తించదు.

ఎలక్ట్రీషియన్ ఆ చిలుము అతుకు కోసేసి, జానెడు కొత్త వైరు కలిపి, టంకం పెట్టి, స్లీవ్ వేసి, ఇంజన్ ఒరిగినా లాగబడకుండా కాస్త వదులు ఉంచి క్లిప్పు వేశాడు. సెన్సార్ ధరలో పదో వంతు కాలేదు. "అయిపోయినట్టేనా అన్నా?" అన్నాను. "నడిపి చూడప్పా" అన్నాడు.

ఎంత నడిపితే చూసినట్టు? ఇది లెక్కలో తేలే ప్రశ్న. నా పుస్తకం ప్రకారం ఆరు మధ్యాహ్నపు తిరుగు ప్రయాణాల్లో, అంటే సుమారు 480 కిలోమీటర్లలో, ఐదుసార్లు ఆగింది. సగటున ప్రతి 100 'ఎండ కిలోమీటర్ల'కు ఒకటి. పొద్దుటివీ రాత్రివీ లెక్కలోకి రావు, అప్పుడెలాగూ ఆగదు. జబ్బు అలాగే ఉండి, కేవలం అదృష్టం కొద్దీ 100 ఎండ కిలోమీటర్లు ఆగకుండా పోయే అవకాశం నూటికి 37. 200 పోయే అవకాశం నూటికి 13 లేదా 14. 300 పోయే అవకాశం నూటికి 5. సెన్సార్ మార్చాక మేం సంబరపడిన 350 కిలోమీటర్లు పుస్తకంలో వెతికితే అందులో ఎండ కిలోమీటర్లు 90. ఏమీ బాగుచేయకపోయినా అన్ని కిలోమీటర్లు ఆగకుండా నడిచే అవకాశం నూటికి 40. నేను టీ తాగించింది ఆ నలభైకి.

కాబట్టి సగటున ఎంత దూరానికి ఒకసారి ఆగుతుందో దానికి మూడింతలు, అదే ఎండలో, అదే ఎక్కుడులో, అదే బరువుతో నడపాలి. నా బండి 300 నడవాలి. అతుకు మార్చాక నాలుగు వారాల్లో మూడుసార్లు మధ్యాహ్నం పూట ధర్మవరం నుంచి వచ్చాను. వేసవి పోయి మబ్బులు పట్టిన రోజు ఒకటి కొట్టేశాను. పుస్తకంలో ఇప్పటికి 160 ఉంది. మొన్న మెకానిక్ కనపడి "బండి సరిపోయిందంట గదా సార్" అన్నాడు. ఇంకా 140 కిలోమీటర్లు ఉందని చెప్పాను.